పియానో శ్రుతి నిలబడటం లేదు: తప్పు ట్యూనర్‌దా, పెట్టెదా, వానదా?

పర్లాకిమిడి_నాన్న · జులై 27, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పియానో గ్రేడ్ పరీక్షకి తయారవుతోంది. సంక్రాంతి వెళ్ళాక విశాఖపట్నంలో ఒక కుటుంబం దగ్గర పాత నిలువు పియానో కొని, చిన్న లారీలో పర్లాకిమిడి తెచ్చుకున్నాం. ఫిబ్రవరిలో ట్యూనర్ వచ్చాడు. "అర శ్రుతి దిగిపోయి ఉంది సార్, పైకి లాగి పెట్టాను" అని చెప్పి సాయంత్రం బండికే వెళ్ళిపోయాడు. హోళీ నాటికి మళ్ళీ వాలిపోయింది. జులై 5న రెండోసారి పిలిపించాం. రానూ పోనూ ఖర్చు, భోజనం, కూలి అన్నీ మావే. ఇంకా నెల కూడా కాలేదు. మధ్యలో కొన్ని మెట్లు నొక్కితే, పెళ్ళి బ్యాండులో ఇద్దరు క్లారినెట్ వాళ్ళు ఒకే స్వరం కోసం పోట్లాడుకుంటున్నట్టు వినిపిస్తోంది.

మళ్ళీ పిలిపించుకోవాలనే సగం పని చేసి వెళ్తున్నాడని మా ఆవిడ అనుమానం. నాకూ అలాగే ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

గుణుపురం_గాడు · జులై 27, రాత్రి 10:05

అంకుల్, కీబోర్డు కొనండి. నాది హాస్టల్లో మూడేళ్ళుగా మంచం కింద దుమ్ములో ఉంది. ఒక్క స్వరం కూడా కదల్లేదు.

జయపురం_క్వయర్ · జులై 27, రాత్రి 10:31

తమ్ముడూ, పరీక్షకి వెళ్ళే పిల్లకి వేళ్ళ కింద బరువు తెలియాలి. ఆ సంగతి వేరే చోట మాట్లాడుకుందాం.

నాన్నగారూ, మా చర్చిలోనూ ఇదే బాధ. ఒక్క ప్రశ్న: పియానో ఏ గోడకి ఆనించి పెట్టారు?

పర్లాకిమిడి_నాన్న · జులై 28, ఉదయం 6:40

పడమటి గోడకి. హాల్లో ఖాళీ ఉన్నది అదే. మీరు అడిగాక ఇప్పుడే వెనక చెయ్యి పెట్టి చూశాను. సున్నం చేతికి తడిగా అంటుకుంది. బయటి వైపు ఆ గోడంతా నాచు. పక్కనే కిటికీ, దాని జల్లు కూడా కొంచెం పడుతుంది.

తీగమేస్త్రీ_బరంపురం · జులై 28, మధ్యాహ్నం 2:15

నేను కలకత్తాలో చాలాకాలం పియానోల పని చేసి, ఇప్పుడు బరంపురంలో ఇంటి పట్టున ఉన్నాను. బాబూ, మీరు వర్ణించిన జబ్బులు ఒకటి కాదు, మూడు. మూడూ కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయి.

ముందు పెట్టె సంగతి. 88 మెట్లకి తీగలు దాదాపు 230 ఉంటాయి. బాగా కింది స్వరాలకి ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, మధ్య నుంచి చివరిదాకా మూడేసి. అన్నిటి లాగుడూ కలిపితే 16 నుంచి 20 టన్నులు. ఆ భారాన్ని ఇనప చట్రం మోస్తుంది. కానీ ప్రతి తీగ చివరా పట్టుకుని ఉండేది చెక్కలో దిగ్గొట్టిన ఒక్క పిన్ను. మందం 7 మిల్లీమీటర్ల దగ్గర. దాని ఒంటిమీద సన్నటి గీతలుంటాయి గానీ మరమేకులా పట్టదు, చెక్క బిగువుతోనే నిలబడుతుంది.

మీ మొదటి జబ్బు ఫిబ్రవరిది. అర శ్రుతి (నల్లవి కూడా కలిపి పక్క మెట్టుకి ఉన్నంత దూరం) దిగిన పియానోని ఒక్క పూటలో పైకి లాగితే ఏదీ నిలవదు. ఒక వైపు బిగిస్తూ వస్తుంటే ఆ లాగుడికి పలకా, చట్రం కొద్దిగా లొంగుతాయి, ముందు బిగించినవి వదులవుతాయి. అందుకే మొదట మోటుగా ఒక చుట్టు, కావలసిన దానికంటే కాస్త పైకే లాగుతాం. తర్వాత సన్నంగా ఇంకో చుట్టు. కొన్ని వారాలకి మళ్ళీ ఒకసారి. అతను చేసిన పనిలో నాకు మోసం కనిపించలేదు. "నెల లోపల మళ్ళీ రావాలి, అప్పటిదాకా ఇది లెక్కలోకి రాదు" అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మాలో చాలామందికి నోరు లేదు, అదొక్కటే తప్పు.

రెండోది వాన. పియానో వెనక పల్చటి స్ప్రూస్ చెక్క పలక ఉంటుంది, సౌండ్ బోర్డు అంటాం. కొంచెం ఉబ్బెత్తుగా చేస్తారు. తీగలన్నీ దాని మీదున్న బ్రిడ్జి అనే చెక్క దిమ్మ మీదుగానే పోతాయి. చెమ్మ పీల్చితే పలక ఇంకా ఉబ్బి బ్రిడ్జిని తీగల మీదికి తోస్తుంది. తీగ బిగుస్తుంది, శ్రుతి ఎక్కుతుంది. ఎండితే దిగుతుంది. మధ్య స్వరాల్లో ఇది బాగా తెలుస్తుంది, చివర్లలో తక్కువ. తడి గోడకి ఆనించిన పియానో అంటే తడి బట్ట కప్పుకుని పడుకున్న మనిషే. ముందు దాన్ని ఇవాళే లోపలి గోడకి జరపండి, మధ్యలో జానెడు ఖాళీ వదలండి.

మూడోది పిన్నులు వదులవడం. అది ఉందో లేదో మీరే చూడొచ్చు. వాన గుంపు మీద పనిచేస్తుంది, ఒక మెట్టు మూడు తీగల్నీ కలిపే పైకి తీసుకుపోతుంది. వదులు పిన్ను తన ఒక్క తీగనే దింపుతుంది, పక్కవి కదలవు. మీరు చెప్పిన క్లారినెట్ పోట్లాట అదే. మూడు తీగల్లో ఒకటి ఒక్క హెర్ట్జ్ (సెకనుకి ఒక కంపనం) తేడాగా ఉంటే, సెకనుకొకసారి ధ్వని ఊగుతుంది. రెండు హెర్ట్జ్ అయితే రెండుసార్లు.

ఒక తేమ మీటరు కొనండి. ఫోన్లో శ్రుతి యాప్ వేసుకోండి. మధ్య రెండు స్థాయిల్లోనే కొలవండి. పైనా కిందా యాప్ మాట వినకండి. తీగ బిరుసు వల్ల దాని పై హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు, లెక్కకంటే కాస్త ఎక్కువగా పలుకుతాయి, అందుకే ఆ చివర్లని మేం చెవితో సాగదీసి పెడతాం. రెండు తీగల మధ్య రబ్బరు ముక్క దూర్చి, ఒక్కొక్క తీగనీ విడిగా కొలిచి, వారానికోసారి రాసిపెట్టండి.

గమకం_రాయగడ · జులై 28, సాయంత్రం 5:20

నేను వయొలిన్ చెప్తాను. మేస్త్రీ గారూ, అసలు నాకు ఏ పియానో విన్నా గాంధారం చెవిలో గుచ్చుకుంటుంది. బాగా ట్యూన్ చేసిందైనా సరే. ఇది వానా కాదు, పిన్నూ కాదు కదా?

తీగమేస్త్రీ_బరంపురం · జులై 28, రాత్రి 8:02

కాదమ్మా, మీ చెవి సరిగ్గానే ఉంది. తంబురా మంద్ర షడ్జం తీగ మీటి చెవి పెడితే అంతర గాంధారం దానంతట అదే వినిపిస్తుంది కదా. పియానో గాంధారం దానికంటే దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది. పన్నెండు స్వరాల్నీ సమానంగా పంచితే వచ్చే బాధ అది. పంచమం మాత్రం 2 సెంట్లే తక్కువ, ఎవరూ పట్టించుకోరు.

సెంటు అంటే మన భూమి సెంటు కాదు, అర శ్రుతిలో నూరో వంతు.

గమకం_రాయగడ · జులై 28, రాత్రి 8:10

అంటే మంచి ట్యూనర్ వచ్చి సరిచేస్తే కూడా తప్పే ఉంటుందన్నమాట. సంతోషం. 😄

ఇంకో తమాషా. వానాకాలంలో మా మృదంగం మాస్టారు చర్మం జారిపోయి దిగిందని ఏడుస్తారు. మీరేమో పియానో ఎక్కిందంటున్నారు. ఇద్దరూ కలిసి కచేరీ చెయ్యకపోవడమే మేలు.

రాయగడ_వర్క్‌షాప్ · జులై 29, ఉదయం 11:30

మాది మోటారు షెడ్డు. ఏ పిన్నుకైనా కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే కూర్చుంటుంది. ఇంత చర్చ ఏటండీ?

తీగమేస్త్రీ_బరంపురం · జులై 29, ఉదయం 11:41

అయ్యా, దండం పెడతాను. నూనె మాత్రం వద్దు. పిన్ను నిలబడేదే రాపిడి మీద. చెక్కలోకి నూనె దిగితే తీసేదారి లేదు, పిన్నులు దిగ్గొట్టిన ఆ చెక్క, పిన్ బ్లాక్ అంటాం, మొత్తం మార్చాలి. సుత్తి మాట సగం నిజం. తీగ చుట్లకీ చట్రానికీ మధ్య చోటుంటే పిన్నుని కొంచెం లోపలికి దించుతాం, తగిన పంచ్ పెట్టి, వెనక దన్ను ఇచ్చి. మామూలు సుత్తి పెట్టి కొట్టకండి.

రాయగడ_వర్క్‌షాప్ · జులై 29, మధ్యాహ్నం 12:20

సరే గురువుగారూ, నూనె వెనక్కి తీసుకున్నాను. మరి పిన్ను మీద మార్కరుతో గీత గీసి, వారం తర్వాత తిరిగిందో లేదో చూస్తే? మేం నట్లకి అలాగే చేస్తాం.

తీగమేస్త్రీ_బరంపురం · జులై 29, మధ్యాహ్నం 12:48

మంచి ఆలోచనే గానీ ఇక్కడ పనికిరాదు. పిన్ను ఒక్క డిగ్రీ తిరిగినా కంటికి తెలియదు, చెవికి మాత్రం తెలిసిపోతుంది.

చాందా_రైల్వే · జులై 30, రాత్రి 10:15

మాది మహారాష్ట్రలో బల్లార్షా, ఉద్యోగం పక్కనే చాందాలో (చంద్రపూర్). ఇక్కడ తెలుగువాళ్ళం బోలెడు మందిమి. మాకు వాన సమస్యే కాదు. మే నెలలో 45, 46 డిగ్రీలు, గాలిలో చెమ్మన్నదే ఉండదు. పెదాలు పగులుతాయి, తలుపులు వదులవుతాయి. మా క్వార్టర్లో పియానోకి సరిగ్గా ఎదురుగా కూలర్ పెట్టాను. పగలు నీటి గాలి, రాత్రి మోటారు ఆపితే పొడి గాలి. రోజుకో శ్రుతి. కూలర్ దిక్కు మార్చాక కొంచెం నయం.

పర్లాకిమిడి అన్నా, ఆ పియానో విశాఖకి ముందు ఎక్కడుందో కనుక్కున్నారా?

పర్లాకిమిడి_నాన్న · జులై 31, ఉదయం 7:05

ఫోన్ చేసి అడిగాను. విశాఖలో ఉన్నది రెండేళ్ళే. అంతకుముందు ఇరవై ఏళ్ళకి పైగా నాగపూర్‌లో ఉందట! పై అంతస్తు గది, వేసవంతా కూలర్.

చాందా_రైల్వే · జులై 31, ఉదయం 7:22

అదీ సంగతి. నాగపూర్ అంటే మా ఎండే.

తీగమేస్త్రీ_బరంపురం · జులై 31, ఉదయం 9:30

బల్లార్షా బాబు సరైన ప్రశ్న వేశాడు. చెక్క ఎండిపోతే పిన్ను రంధ్రం వదులవుతుంది. మళ్ళీ తడిస్తే ఉబ్బి పిన్నుని నొక్కుతుంది, ఆ నొక్కుడికి రంధ్రం చుట్టూ పీచు నలుగుతుంది. మళ్ళీ ఎండితే ఈసారి ఇంకా వదులు. ఏడాదికొక నలుగుడు, ఇరవై ఏళ్ళు. కలకత్తాలో పాత విలాయతీ పియానోలు కొన్ని చూశాను, వేడి దేశాలకని అతుకులకి జిగురుతో పాటు స్క్రూలు కూడా వేసి పంపేవాళ్ళు. అతుకులు ఊడిపోకుండా అది కాపాడుతుంది. పిన్ను రంధ్రాన్ని ఏ స్క్రూ కాపాడుతుంది?

బాబూ, కొలతలు మొదలుపెట్టారా?

పర్లాకిమిడి_నాన్న · ఆగస్టు 17, రాత్రి 9:10

ఆలస్యానికి మన్నించండి. పియానోని నలుగురం కలిసి లోపలి గోడకి జరిపాం. వారానికోసారి అమ్మాయి మీట నొక్కింది, నేను రబ్బరు ముక్క పట్టుకున్నాను, మా ఆవిడ రాసింది. అన్నీ పెడితే చదవలేరు, రెండు మెట్లు చాలు. లెక్క సెంట్లలో, + అంటే ఎక్కింది, − అంటే దిగింది. మీటరులో తేమ మూడు వారాలూ 78, 84, 83.

440 హెర్ట్జ్ స్వరం, ఎడమ తీగ: +3, +6, +6
మధ్య తీగ: +4, +7, +6
కుడి తీగ: −8, −14, −21

దాని కింద మూడో తెల్ల మెట్టు, ఎడమ తీగ: +4, +6, +7
మధ్య తీగ: +3, +6, +6
కుడి తీగ: +4, +7, +6

మధ్య రెండు స్థాయిల్లో ఇలా ఒంటరిగా జారిన తీగలు 14 ఉన్నాయి. మిగతావన్నీ గుంపుగా పైకి.

మా ఆవిడ ఈ కాగితం చూసి, "అయితే పాపం ఆయన తప్పు లేదేమో" అంది. నేను మాట్లాడలేదు.

జయపురం_క్వయర్ · ఆగస్టు 17, రాత్రి 9:34

మేం చర్చిలో ఇన్నేళ్ళూ చెయ్యని పని మీ ఇంట్లో ముగ్గురూ మూడు వారాల్లో చేశారు. రేపు నేనూ ఒక రబ్బరు ముక్క కోసుకుంటాను.

తీగమేస్త్రీ_బరంపురం · ఆగస్టు 18, ఉదయం 8:15

ఆ కాగితం మీ ట్యూనర్‌కి వాట్సాప్‌లో పంపండి, తిట్లు లేకుండా. 14 పిన్నులు వదులు. మిగతా +6, +7 వానాకాలం సొంతం, వాటిని ఎవరూ ముట్టుకోవద్దు. ఇప్పుడు దించితే చలికాలంలో అదనంగా దిగుతాయి. వానలు తగ్గాక, తేమ 65 కిందికి వచ్చాక పిలవండి.

గుణుపురం_గాడు · ఆగస్టు 18, ఉదయం 8:40

మేస్త్రీ గారూ, ఒక చిన్న బల్బు లోపల పెడితే తేమ పోదా? మా తాతయ్య హార్మోనియం పెట్టె పక్కన పెట్టేవారు.

జయపురం_క్వయర్ · ఆగస్టు 18, ఉదయం 9:25

మేం అదే చేస్తాం. పియానో కింది పలక వెనక 25 వాట్ల బల్బు, ఆషాఢం నుంచి దీపావళి దాకా. ఒక సిగ్గుపడే సంగతి చెప్తాను. రెండేళ్ళ క్రితం పాత బల్బు మాడిపోతే వాచ్‌మన్ ఎల్‌ఈడీ పెట్టాడు. అది వెలుగుతుంది, వేడెక్కదు. రెండు వానాకాలాలు పియానో లోపల దీపం పెట్టి పూజ చేసినట్టయింది. ఇరుక్కుపోయే మెట్లు లెక్కపెట్టాక గానీ ఎవరికీ తట్టలేదు.

తీగమేస్త్రీ_బరంపురం · ఆగస్టు 18, ఉదయం 10:10

పాత గాజు బల్బు పనిచేస్తుంది. కానీ ఫెల్ట్‌కీ చెక్కకీ జానెడు దూరం ఉండాలి, తీగ ఎలకలు కొరక్కుండా చూడాలి. లేకపోతే శ్రుతి సంగతి అటుంచి ఇల్లే కాలుతుంది. ఇంకో మాట, బల్బుకి ఆపడం తెలియదు. తేమ 45కి వచ్చినా కాల్చుతూనే ఉంటుంది, పలక పగులుతుంది. తేమని బట్టి తనే వెలిగి ఆరే హీటర్ కడ్డీలు దొరుకుతాయి, డబ్బుంటే అవి మేలు. ఏది పెట్టినా కరెంటు పోతే పని ఆగిపోతుంది. ఫైలిన్ తుపాను వెళ్ళాక మా ఊళ్ళో కరెంటు ఎన్నాళ్ళకి వచ్చిందో బరంపురం వాళ్ళని అడగండి.

పర్లాకిమిడి_నాన్న · ఆగస్టు 18, రాత్రి 9:00

మాకు తిత్లీ తుపాను ఉందిగా. 2018 అక్టోబరు. అప్పుడు పియానో లేదు కాబట్టి బతికిపోయాం. ట్యూనర్‌కి కాగితం పంపాను. "సార్, ఇంత వివరంగా నాకెవరూ పంపలేదు, వానలయ్యాక వస్తాను" అన్నాడు. కొంచెం సిగ్గేసింది.

పర్లాకిమిడి_నాన్న · నవంబరు 16, రాత్రి 10:20

చాలా రోజులకి. నిన్న అతను వచ్చాడు. తేమ 61. ముందు పిన్నులు తిప్పే లివర్ పెట్టి ఒక్కో పిన్నూ తిప్పి చూశాడు. నా చేతికీ ఇచ్చాడు. మంచి పిన్ను కిర్రుమంటూ మొండిగా కదిలింది, చెయ్యి నొప్పెట్టింది. చెడ్డ పిన్ను వేడి అన్నంలో గరిటె తిప్పినట్టు తిరిగింది. అప్పుడు అర్థమైంది నాకు. మా లెక్కలో 14, అతని లెక్కలో 17. మూడు మేం కొలవని పై స్వరాల్లో ఉన్నాయి.

తర్వాత ఆరుగురం కలిసి పియానోని రెండు పాత పరుపుల మీద వెల్లకిలా పడుకోబెట్టాం. కింది పలక తీస్తే ఎలుక గూడు. ఫెల్ట్ పీచు, జీడిపిక్కల తొక్కలు, మా అమ్మాయి రిబ్బను ముక్క. అది తీసి పారేశాక, వదులు పిన్నుల మొదట్లో నీళ్ళలాంటి పల్చటి సూపర్ గ్లూ చుక్క చుక్కగా వేశాడు. చెక్క తాగినంత తాగించాడు. కళ్ళు మండాయి. కిటికీలన్నీ తీసి బయట కూర్చున్నాం. ఇవాళ పొద్దున నిలబెట్టి శ్రుతి చేశాడు. ఒక్కో తీగనీ ఎక్కించాక మెట్టుని గట్టిగా నాలుగుసార్లు కొడుతున్నాడు. ఎందుకని అడిగితే, "ఇప్పుడు జారేది ఇప్పుడే జారాలి సార్, నేను బండెక్కాక కాదు" అన్నాడు.

తీగమేస్త్రీ_బరంపురం · నవంబరు 17, ఉదయం 7:50

ఆ కొట్టుడు చూసే చెప్తున్నాను, అతనికి పని వచ్చు. లివర్ తిప్పితే పిన్ను పైభాగం మెలిపడుతుంది, చెక్కలో ఉన్న భాగం అప్పుడే తిరగదు. ఆ మెలిక వదలకుండా వెళ్ళిపోతే అది తర్వాత తీరిగ్గా విప్పుకుంటుంది. గట్టిగా కొట్టి, పిన్నుని కొంచెం వెనక్కి సర్ది కూర్చోబెట్టాలి.

జిగురు పని నాకు మనసొప్పదు. నేనైతే ఆ పదిహేడూ తీసి, అర సైజు లావు పిన్నులు వేసేవాణ్ణి. మా రోజుల్లో జిగురంటే దొంగపని. కానీ ఈ మధ్య మంచి పనివాళ్ళే చేస్తున్నారు, నిలుస్తోంది కూడా. మీ ఖర్చుకి అదే న్యాయం.

రాయగడ_వర్క్‌షాప్ · నవంబరు 17, ఉదయం 9:15

సూపర్ గ్లూ అని నేను ముందే చెప్పి ఉంటే ఎంత తిట్టేవారో! 😀

తీగమేస్త్రీ_బరంపురం · నవంబరు 17, ఉదయం 9:20

తిట్టేవాణ్ణే.

పర్లాకిమిడి_నాన్న · డిసెంబరు 21, రాత్రి 8:45

తేమ 52. పొద్దున అమ్మాయే కొలిచింది, నన్ను పిలవకుండా. మధ్య స్వరాలు 4, 5 సెంట్లు దిగాయి. జిగురు వేసిన 17లో ఒక్కటీ ఒంటరిగా జారలేదు. "అన్నీ కలిసే దిగాయి నాన్నా, ఇది చలి" అని కాగితం నా చేతిలో పెట్టి బడికి వెళ్ళిపోయింది.

తీగమేస్త్రీ_బరంపురం · డిసెంబరు 21, రాత్రి 9:05

శుభం. పరీక్ష ఎప్పుడు?

పర్లాకిమిడి_నాన్న · డిసెంబరు 21, రాత్రి 9:07

మార్చి రెండో వారం.

తీగమేస్త్రీ_బరంపురం · డిసెంబరు 21, రాత్రి 9:12

అయితే ఇప్పుడు ముట్టుకోకండి. ఫిబ్రవరి ఆఖర్లో అతన్నే పిలవండి. ఎలుక సంగతేమైంది?

పర్లాకిమిడి_నాన్న · డిసెంబరు 21, రాత్రి 9:15

బోను పెట్టాం మేస్త్రీ గారూ. జీడిపప్పు తింటోంది, బోనులో పడటం లేదు.